మొదటి 113 కిలోమీటర్ల ట్రయాథ్లాన్: ఈతలో కంగారు, సైకిల్ వేగం, చివరి పరుగు గురించి సలహాలు కావాలి

తొలిఅడుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్ప్రింట్ దూరంతో మొదలుపెట్టి, గత సీజన్‌లో ఒలింపిక్ దూరాన్ని, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్, 10 కిలోమీటర్ల పరుగును, పెద్దగా ఇబ్బంది పడకుండా పూర్తి చేయగలిగాను. ఇప్పుడు పై మెట్టు ఎక్కాలన్న కోరికతో మధ్యదూర ట్రయాథ్లాన్‌కు పేరు నమోదు చేసుకున్నాను. 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. పోటీకి ఆరు నెలలకు పైగా గడువు ఉంది. ఉద్యోగమూ ఇంటి బాధ్యతలూ పోను వారానికి ఎనిమిది నుంచి పది గంటలు సాధనకు కేటాయించగలను. స్థానం కోసమో పతకం కోసమో దిగడం లేదు. నిర్ణీత సమయం లోపల, నా కాళ్ల మీద నేను నిలబడి గమ్యాన్ని చేరాలన్నదే నా లక్ష్యం.

నన్ను వేధిస్తున్న విషయాలు ఇవి. పూల్‌లో నేను 100 మీటర్లను దాదాపు 2 నిమిషాల 40 సెకన్లలో ఈదుతాను, అక్కడ నాకు భయం లేదు. కానీ అడుగు కనిపించని నీటిలో, చుట్టూ పదిమంది చేతులు ఆడిస్తుండగా మొదటి కొన్ని నిమిషాలు ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. ఒలింపిక్ దూరంలో కూడా అలాగే జరిగింది, తర్వాత సర్దుకుంది. రెండోది, ఆ పోటీలో సైకిల్‌ను గంటకు 27 కిలోమీటర్ల సగటుతో తొక్కాను. 90 కిలోమీటర్లకు కూడా అదే వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోవచ్చా? మూడోది, విడిగా హాఫ్ మారథాన్ పరుగెత్తిన అనుభవం ఉంది గానీ నాలుగు గంటల శ్రమ తర్వాత అదే దూరం ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు. సాధనలో ఒక్కసారైనా పూర్తి దూరం పరుగెత్తి చూడాలా? నా వయసు 46. ఈ వయసులో ఇది అత్యాశ అని కొందరు మిత్రులు అంటున్నారు. అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.


నీటిబాట

నమస్కారం అండి. ఈత గురించి మీరు అడిగింది చాలామంది మనసులో ఉన్నదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ముందు లెక్క చూద్దాం. మధ్యదూర పోటీల్లో చాలావాటికి ఈత కటాఫ్, అంటే ముగించాల్సిన గడువు, 1 గంట 10 నిమిషాలు. దాన్ని 1.9 కిలోమీటర్లకు పంచితే 100 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు వస్తుంది. మీ పూల్ వేగంతో 51 నిమిషాలు సరిపోతాయి. దారి తప్పి వంకరగా ఈది మరో రెండు వందల మీటర్లు అదనంగా వెళ్లినా గంటలోపే ఒడ్డున ఉంటారు. అంటే మీకు కావలసింది వేగం కాదు, ప్రశాంతత. వారానికి మీకున్న పది గంటల్లో ఈత వేగాన్ని నాలుగైదు నిమిషాలు తగ్గించుకోవడానికి సగం సమయం ఖర్చుచేయడం వృథా. రెండు సార్లు పూల్‌కు వెళ్లండి, వీలైనప్పుడల్లా అందులో ఒకదాన్ని ఓపెన్ వాటర్‌లో, అంటే చెరువు, సముద్రం వంటి చోట, చేయండి.

మొదటి నిమిషాల్లో ఊపిరి అందకపోవడానికి కారణం సాధారణంగా దమ్ము తక్కువ కావడం కాదు. చల్లటి నీరు ముఖానికి, ఛాతీకి తగలగానే శరీరం తనంతట తాను వేగంగా, పైపైన గాలి పీలుస్తుంది. దానికి తోడు పోటీ ఉత్సాహంలో అందరూ మొదటి 200 మీటర్లను తమ శక్తికి మించి ఈదుతారు. ఈ రెండూ కలిసినప్పుడు మనిషి తల నీటిలో ఉండగా గాలి వదలడం మరచిపోతాడు. తల పక్కకు తిప్పిన అర సెకనులోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోతాడు. అది సాధ్యం కాదు. కాబట్టి నీటిలో ముఖం ఉన్నంతసేపూ ముక్కుతోనో నోటితోనో బుడగలు వదులుతూ ఉండాలి. పోటీకి పది నిమిషాల ముందు నిర్వాహకులు అనుమతిస్తే నీటిలో దిగి, మెడ దగ్గర వెట్‌సూట్‌లోకి (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు ఈత దుస్తుల్లోకి) కొంచెం నీరు పోనిచ్చి, ముఖాన్ని నాలుగైదు సార్లు ముంచి తీయండి. అనుమతి లేకపోతే ఒడ్డునే ముఖానికి, మెడకు నీళ్లు చల్లుకోండి. బయలుదేరేటప్పుడు మీ వేగానికి తగిన వరుసలో, ఒక అంచున నిలబడండి. వెట్‌సూట్ ఉంటే శరీరం తేలికగా తేలుతుంది, కానీ దాన్ని నమ్ముకుని ఉండకండి: సుదూర ట్రయాథ్లాన్లకు పేరుపొందిన ఐరన్‌మ్యాన్ సంస్థ నిర్వహించే పోటీల్లో సాధారణ క్రీడాకారులకు నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీల సెల్సియస్ దాటితే దాన్ని ధరించే వెసులుబాటు మారిపోతుంది. అది లేకుండా ఈదడం కూడా అలవాటు చేసుకోండి.

ఇక దిశ చూసుకోవడం. తల మొత్తం పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, ప్రతిసారీ వేగం చచ్చిపోతుంది. ముందుకు చాచిన చేయి నీటిని నొక్కుతున్న క్షణంలో గాగుల్స్ మాత్రమే నీటి మట్టం పైకి వచ్చేంతవరకు తల ఎత్తాలి, నోరు నీటిలోనే ఉండాలి. గుర్తును ఒక్క చూపు చూసి, అదే కదలికలో తలను పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. ఆరు నుంచి పది చేతులకు ఒకసారి ఇలా చూస్తే చాలు. దీన్ని పూల్‌లోనే సాధన చేయవచ్చు. గోడ మీద ఏదో ఒక వస్తువును గుర్తుగా పెట్టుకుని, ప్రతి రౌండ్‌లో రెండుసార్లు దాన్ని చూసి ఈదండి. గాగుల్స్ పట్టీ టోపీ కింద ఉండేలా పెట్టుకుంటే ఎవరి చేయి తగిలినా ఊడిపోవు.

ఒక గంభీరమైన మాట కూడా చెప్పాలి. ట్రయాథ్లాన్‌లో సంభవించే మరణాలు చాలా అరుదు, కానీ వాటిలో అత్యధికం ఈతలోనే జరుగుతాయి. 46 ఏళ్ల వయసులో పోటీకి ముందు గుండె పరీక్ష చేయించుకోవడం పిరికితనం కాదు, బాధ్యత. నీటిలో ఉండగా శ్రమకు పొంతన లేని ఆయాసం, ఆగని దగ్గు, నురగతో కూడిన కళ్లె కనిపిస్తే అది ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరుతున్న సూచన కావచ్చు. అటువంటప్పుడు ఓర్చుకుని ముందుకు వెళ్లకూడదు. వెల్లకిలా తిరిగి చేయి పైకెత్తితే సహాయక పడవ వస్తుంది. ముందుకు కదలనంతవరకు పడవను పట్టుకుని సేదదీరడానికి నియమాలు సాధారణంగా అనుమతిస్తాయి. దానివల్ల మీరు పోటీ నుంచి తొలగిపోరు. ఈ సంగతి తెలిసి ఉండటమే సగం కంగారును తగ్గిస్తుంది. ఓపెన్ వాటర్‌లో ఒంటరిగా సాధన మాత్రం ఎప్పుడూ చేయకండి.


చక్రధారి

నీటిబాట గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు నా జవాబు: 27 కిలోమీటర్ల వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. అసలు వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోవడమే వద్దు.

గంటకు 25 కిలోమీటర్ల సగటుతో 90 కిలోమీటర్లకు 3 గంటల 36 నిమిషాలు పడుతుంది, 27 అయితే 3 గంటల 20 నిమిషాలు. అంటే మీకు మిగిలేది 16 నిమిషాలు. అందుకు ఎంత చెల్లించాలో చూడండి. గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాదాపు దాని ఘనంతో పెరుగుతుంది. చదునైన దారిలో ఆ రెండు కిలోమీటర్ల తేడా కోసం కాళ్లు ఐదో వంతుకు పైగా అదనపు శక్తిని గంటల తరబడి ఇవ్వాలి. ఆ శక్తి పరుగు ఖాతాలోంచే పోతుంది. పరుగులో చివరి పది కిలోమీటర్లను కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల చొప్పున పరుగెత్తగలిగిన మనిషి, అలసటతో నడకకు దిగి కిలోమీటరుకు పది నిమిషాలు తీసుకున్నాడనుకుందాం. అక్కడే 25 నిమిషాలు పోయాయి. సైకిల్ మీద సంపాదించిన పదహారు నిమిషాలు అందులో కలిసిపోగా ఇంకా తొమ్మిది నిమిషాలు బాకీ. మొదటిసారి మధ్యదూరానికి దిగేవారు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. ఈత ముగిసిన ఆనందంలో, ఒంట్లో శక్తి పుష్కలంగా ఉన్నట్టు అనిపిస్తుంది, పక్కనుంచి ఇతరులు దూసుకుపోతుంటారు. మొదటి ముప్పై కిలోమీటర్లు మరీ తేలికగా ఉన్నాయే అని మీకు అనిపించాలి. అలా అనిపించకపోతే మీరు వేగంగా వెళ్తున్నట్టే.

పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో చూపే సాధనం) ఉన్నవారికి, గంటసేపు నిలపగలిగిన గరిష్ఠ శక్తిలో సుమారు 70 నుంచి 75 శాతం మొదటి మధ్యదూర పోటీకి తగిన స్థాయి. ఎత్తుల్లో ఆ అంకె కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి, కానీ లేచి నిలబడి తొక్కి దాన్ని రెట్టింపు చేయకండి. ఎదురుగాలిలో వేగం పడిపోయినా వాట్లు మారకూడదు. వేగాన్ని లక్ష్యంగా పెట్టుకున్నవారు ఎదురుగాలితో కుస్తీ పడతారు, శక్తిని లక్ష్యంగా పెట్టుకున్నవారు దాన్ని పట్టించుకోరు.

ఖరీదైన సైకిల్ గురించి మీరు అడగలేదు, సంతోషం. మామూలు రోడ్ సైకిల్ చాలు. మీ శరీరానికి సరిగా అమర్చిన సైకిల్ కావాలి, అంతే. సీటు ఎత్తు ఒక్క సెంటీమీటరు తేడాగా ఉన్నా 40 కిలోమీటర్లలో తెలియని మోకాలి నొప్పి 90లో బయటపడుతుంది. శరీరాన్ని వంచి, చేతులను ముందుకు ఆన్చి తొక్కే భంగిమ నేర్చుకోదలిస్తే ఇప్పుడే మొదలుపెట్టండి, పోటీకి రెండు వారాల ముందు కాదు. ఆ భంగిమలో గంటన్నర ఉండలేని మెడ, నడుము ఉంటే అది ఇచ్చే లాభం అక్కరకు రాదు.

పంక్చర్ వేయడం చేతికి అలవాటు కావాలి. వెనుక చక్రాన్ని విప్పి, ట్యూబ్ మార్చి, మళ్లీ గొలుసు ఎక్కించడం ఇంట్లో పదే పదే చేయండి. కొత్త ట్యూబ్ వేసే ముందు టైరు లోపలి వైపున వేళ్లతో మెల్లగా చుట్టూ తడిమి చూడండి. దిగిన ముల్లో, గాజు పెంకో అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా నిమిషాల్లో పోతుంది. రెండు ట్యూబులు, టైర్ లివర్లు, గాలి నింపే సాధనం మీ వెంటే ఉండాలి, ఎందుకంటే బయటి వ్యక్తుల సహాయం తీసుకోవడాన్ని నియమాలు సాధారణంగా ఒప్పుకోవు.

డ్రాఫ్టింగ్, అంటే గాలి తగలకుండా ముందున్న సైకిల్ వెనకే తొక్కడం, గురించిన నియమాన్ని కూడా తెలుసుకోండి. ఇటువంటి పోటీల్లో సాధారణ క్రీడాకారులు ముందున్న సైకిల్‌కు 12 మీటర్ల దూరం పాటించాల్సి ఉండటం మామూలు. దాటాలనుకుంటే నిర్ణీత సెకన్లలో దాటేయాలి, మిమ్మల్ని ఎవరైనా దాటితే మీరే వెనక్కి తగ్గాలి. ఉల్లంఘిస్తే నిమిషాల తరబడి పెనాల్టీ టెంట్‌లో నిలబడాలి.


పరుగుపిచ్చి

చక్రధారి గారి లెక్కలు సరైనవే, కానీ ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. మొదటి పోటీకి వాట్ల అంకెలు తప్పనిసరి అన్న భావన కొత్తవారిలో కలగకూడదు. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత శ్వాసతో తొక్కడం, గుండె వేగాన్ని ఒక గీత దాటనివ్వకపోవడం, ఈ రెండింటితో పోటీని చక్కగా ముగించినవారు ఎందరో ఉన్నారు. పైగా ఎండ ఎక్కువైన రోజు అదే వాట్లకు గుండె వేగం పెరుగుతుంది, అప్పుడు మాట వినవలసింది గుండెదే.

సాధనలో పూర్తి 21 కిలోమీటర్లు పరుగెత్తాలా అని అడిగారు. అవసరం లేదు. మీరు ఇంతకుముందే ఆ దూరం పూర్తి చేశారు కాబట్టి మనోధైర్యానికి కూడా అది అక్కర్లేదు. 16 నుంచి 18 కిలోమీటర్ల నెమ్మది పరుగు పోటీకి మూడు, నాలుగు వారాల ముందు వరకు చేరుకుంటే సరిపోతుంది. అంతకు మించిన పరుగు తెచ్చే అలసట తర్వాతి మూడు రోజుల ఈత, సైకిల్ సాధనను మింగేస్తుంది, పిక్కలకూ మడమలకూ గాయాల ముప్పు పెరుగుతుంది. మీకు నిజంగా కావలసింది బ్రిక్ సెషన్, అంటే సైకిల్ దిగిన వెంటనే చేసే పరుగు. అది పొడవుగా ఉండనవసరం లేదు. సుదీర్ఘమైన సైకిల్ సాధన తర్వాత ఇరవై నుంచి ముప్పై నిమిషాలు చాలు. సైకిల్ దిగగానే తొడలు బరువెక్కి, కాళ్లు మనవి కానట్టు అనిపిస్తాయి. పది, పదిహేను నిమిషాల్లో అది వదులుతుందని శరీరానికి ముందే తెలిసి ఉండాలి. ఇందులో మరో మోసం కూడా ఉంది. గంటల తరబడి సైకిల్ వేగానికి అలవాటుపడిన కంటికి పరుగు చాలా నెమ్మదిగా కనిపిస్తుంది, అందువల్ల మనకు తెలియకుండానే మొదటి రెండు కిలోమీటర్లను మితిమీరిన వేగంతో పరుగెత్తుతాం. గడియారం చూసి మరీ నెమ్మదించండి. దారిలో నీళ్లు, ఆహారం ఇచ్చే ఎయిడ్ స్టేషన్ల దగ్గర నడవడం ఓటమి కాదు. ఇరవై, ముప్పై అడుగులు నడుస్తూ ప్రశాంతంగా నీళ్లు తాగి, మళ్లీ పరుగందుకోవడాన్ని మొదటి నుంచే ప్రణాళికగా పెట్టుకున్నవారు, చివర్లో గత్యంతరం లేక నడిచేవారి కంటే ముందే గమ్యం చేరతారు.

అయితే ఈ పోటీని నిలబెట్టేదీ కూల్చేదీ ఎక్కువగా ఆహారమే. ఒలింపిక్ దూరంలో రెండున్నర, మూడు గంటల్లో పని ముగుస్తుంది కాబట్టి ఒంట్లో ఉన్న గ్లైకోజెన్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు. కండరాల్లో, కాలేయంలో కలిపి నిల్వ ఉండే ఆ ఇంధనం సుమారు 2000 కిలో క్యాలరీలు మాత్రమే. ఏడు గంటలకు అది ఎటూ చాలదు. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్‌ను లక్ష్యంగా పెట్టుకోండి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగులు గంటకు దాదాపు అంతవరకే రక్తంలోకి పంపగలవు. ఫ్రక్టోజ్ వేరే మార్గంలో వెళ్తుంది కాబట్టి రెండూ కలిసిన జెల్స్ (చిన్న ప్యాకెట్లలో వచ్చే చిక్కటి చక్కెర పాకం), పానీయాలతో 90 గ్రాముల వరకు వెళ్లేవారు ఉన్నారు, మొదటి పోటీకి అంత అవసరం లేదు. సైకిల్ మీద ప్రతి ఇరవై నిమిషాలకు వాచ్‌లో అలారం పెట్టుకుని, ఆకలి ఉన్నా లేకపోయినా 20 గ్రాములు లోపలికి పంపండి. నమలాల్సినవి ఏవైనా ఉంటే సైకిల్ మొదటి సగంలోనే ముగించండి, పరుగులో కడుపు వాటిని ఒప్పుకోదు.

ఈ ఆటలో ఇది మొదటి రోజు నుంచీ ఉన్న సమస్యే. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహు ద్వీపంలో జరిగిన మొట్టమొదటి ఐరన్‌మ్యాన్‌లో 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. పరుగు మొదలయ్యేసరికి ముందున్న జాన్ డన్‌బార్ వెంట వచ్చిన సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయి, బదులుగా బీరు అందించారు. గోర్డన్ హాలర్ అతన్ని దాటి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. 1982 ఫిబ్రవరిలో అదే పోటీ మహిళల విభాగంలో ముందంజలో ఉన్న జూలీ మాస్ గమ్యానికి కొద్ది మీటర్ల దూరంలో కుప్పకూలి, క్యాథ్లీన్ మెక్‌కార్ట్నీ తనను దాటిపోగా, పాకుతూ వచ్చి రెండో స్థానంలో ముగించింది. ఆ దృశ్యాన్ని టీవీలో చూసే ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. ఆమె పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాలి, కానీ మనలాంటివారు ఆ స్థితికి చేరకుండా చూసుకోవడం మేలు.


తొలిఅడుగు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈత గురించిన లెక్క చూశాక చాలా తేలికపడ్డాను. పరుగుపిచ్చి గారూ, జెల్ తీసుకుంటే నాకు కడుపు ఉబ్బరంగా ఉంటుంది, ఒలింపిక్ పోటీలో ఒకటి తీసుకుని రెండోది తీసుకోలేకపోయాను. గంటకు 60 గ్రాములంటే నా వల్ల అవుతుందా అన్న సందేహం ఉంది. అలాగే పది గంటల సమయాన్ని మూడు విభాగాలకు ఎలా పంచాలో, మధ్యలో జ్వరం వల్లనో ఉద్యోగం వల్లనో ఒక వారం పోతే ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?


దూరపుబాటసారి

నమస్కారం. ఈ చర్చను ఆసక్తిగా చదువుతున్నాను, ఈ మూడింటికి నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

కడుపును కూడా కాళ్లలాగే సాధనతో సిద్ధం చేయవచ్చు. శ్రమ చేస్తున్నప్పుడు రక్తం కండరాల వైపు మళ్లడంతో పేగులకు అందేది తగ్గుతుంది, అందుకే అలవాటు లేని కడుపు తిరగబడుతుంది. ప్రతి వారాంతపు సైకిల్ సాధనలో గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలకు ఒకసారి కొంచెం పెంచుకుంటూ వెళ్లండి. జెల్‌ను తప్పనిసరిగా నీళ్లతో తీసుకోవాలి. దాన్ని చక్కెర కలిపిన పానీయంతో మింగితే కడుపులో గాఢత పెరిగి, మీరు చెప్పిన ఉబ్బరమే వస్తుంది. ఒక్కసారిగా మొత్తం తినకుండా పది నిమిషాల వ్యవధిలో రెండు భాగాలుగా తీసుకుని చూడండి. పోటీలో నిర్వాహకులు ఏ రకం జెల్, ఏ పానీయం ఇస్తారో ముందే తెలుసుకుని అవే వాడి చూడండి, పడకపోతే మీవి మీరు తీసుకెళ్లండి. పోటీ రోజున కొత్త పదార్థం ఏదీ నోట పెట్టవద్దు.

నీటి విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. సాధనకు ముందు, గంట తర్వాత బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగినదాన్ని దానికి కలపాలి. అలా మీ అవసరం మీకు తెలుస్తుంది. దానికి మించి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడి, తలనొప్పి, వాంతులు, అయోమయం, విషమిస్తే ప్రాణాపాయం కూడా రావచ్చు. పోటీ ముగిసేసరికి బరువు పెరిగి ఉంటే మీరు అవసరానికి మించి తాగినట్టు. దాహాన్ని గమనిస్తూ, ఎలక్ట్రోలైట్ (లవణాలు) కలిసిన పానీయాన్ని కొద్దికొద్దిగా తాగడం క్షేమం.

సమయాన్ని పంచడంలో నా మొగ్గు స్పష్టంగా సైకిల్ వైపే. పోటీ సమయంలో దాదాపు సగం గడిచేది దాని మీదే. పైగా సైకిల్ మీద పెంచుకున్న ఓర్పు పరుగుకు కూడా పనికొస్తుంది, కీళ్ల మీద భారం తక్కువ. పది గంటల వారంలో నాలుగున్నర గంటలు సైకిల్‌కు, మూడు పరుగుకు, రెండు ఈతకు ఇవ్వండి. మిగిలిన అరగంట నడుము, తుంటి కండరాల వ్యాయామానికి. 46 ఏళ్లవారికి ఆ అరగంట చాలా విలువైనది, దాన్ని మిగతావాటికి బలిచేయకండి. వారాంతంలో ఒక పొడవైన సైకిల్ సాధన, దాని వెంట చిన్న పరుగు, మరునాడు నెమ్మదిగా పొడవైన పరుగు. వారం మధ్యలో ఒక్క సైకిల్ సాధన, ఒక్క పరుగు మాత్రమే తీవ్రంగా ఉండాలి, మిగిలినవన్నీ మాట్లాడగలిగే వేగంలోనే. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించండి. మీ వయసులో కోలుకోవడానికి పట్టే సమయం ఇరవైల్లో ఉన్నవారికంటే ఎక్కువ, రెండు వారాలు పెంచి మూడో వారం తగ్గించే పద్ధతి మీకు ఇంకా బాగా నప్పవచ్చు.

వారం పోయిందా, పోనివ్వండి. పోయిన గంటలను తర్వాతి వారానికి కలిపి తీర్చుకోవాలనుకోవడమే గాయాలకు దారి. వారం రోజుల విరామంతో ఓర్పు చెప్పుకోదగినంత తగ్గదు. జ్వరం వస్తే, అది పూర్తిగా తగ్గాక కూడా రెండు మూడు రోజులు తేలికపాటి సాధనతో సరిపెట్టుకుని, ఆ వారం తీవ్రమైనవి వదిలేయండి. జ్వరంలో గుండెను శ్రమపెట్టడం చాలా ప్రమాదకరం.

చివరి రెండు వారాల్లో మొత్తం సాధన సమయాన్ని సగం వరకు తగ్గించాలి, కానీ తీవ్రతను పూర్తిగా మానకూడదు. చిన్న చిన్న వేగపు భాగాలు ఉంచితే కాళ్లు మొద్దుబారవు. ఈ దశలో ఒళ్లు బరువుగా, లేని నొప్పులన్నీ ఉన్నట్టుగా అనిపిస్తుంది. భయపడి అదనపు సాధన చేయకండి.

వయసు గురించి మీ మిత్రులకు ఒక్క ఉదాహరణ చెప్పండి. 1930లో పుట్టిన అమెరికన్ సన్యాసిని సిస్టర్ మడోనా బ్యూడర్ పరుగు మొదలుపెట్టిందే నలభైల చివర్లో. 2012లో, 82 ఏళ్ల వయసులో, కెనడాలో జరిగిన పూర్తి దూరం ఐరన్‌మ్యాన్‌ను, అంటే మీరు చేయబోయే దానికి రెట్టింపును, 17 గంటల గడువు లోపల ముగించింది.

ట్రాన్సిషన్, అంటే ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే దశ, గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నాలుగు మాటలు. సైకిల్‌ను ముట్టుకునే ముందే హెల్మెట్ పట్టీ బిగించాలి, తిరిగి వచ్చాక సైకిల్‌ను స్టాండ్‌కు తగిలించేవరకు విప్పకూడదు. ఇది కచ్చితమైన నియమం. మీ లక్ష్యానికి ఇక్కడ తొందర అవసరం లేదు. తడి పాదాలను తువ్వాలుతో వేళ్ల మధ్య కూడా తుడిచి, కొంచెం పౌడర్ చల్లిన మేజోళ్లు మడమ దాకా చుట్టిపెట్టుకుని ఉంచితే ఒక్క లాగుతో ఎక్కుతాయి. ఆ నిమిషం ఆదా చేద్దామని మేజోళ్లు లేకుండా వెళ్తే, పరుగులో పన్నెండో కిలోమీటరు దగ్గర బొబ్బలు లేస్తాయి. ముందు రోజు ఖాళీ ట్రాన్సిషన్ ప్రాంతంలో ఈత నుంచి వచ్చే ద్వారం దగ్గర నిలబడి, మీ సైకిల్ వరకు, అక్కడి నుంచి బయటికి వెళ్లే ద్వారం వరకు నడిచి చూడండి. వరుస సంఖ్యను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పోటీ మధ్యలో అన్ని వరుసలూ ఒకేలా కనిపిస్తాయి.

కటాఫ్ సమయాలను కూడా ఆ రోజే మరోసారి సరిచూసుకోండి. మొత్తం పోటీకి 8 గంటల 30 నిమిషాలు ఇచ్చే చోట సైకిల్ ముగింపుకు సాధారణంగా బయలుదేరినప్పటి నుంచి 5 గంటల 30 నిమిషాలు ఉంటుంది, కొన్ని పోటీల్లో దారి మధ్యలో కూడా గడువులు పెడతారు. ఈత 55 నిమిషాలు, రెండు ట్రాన్సిషన్లకు 12, సైకిల్‌కు 3 గంటల 45, పరుగుకు 2 గంటల 45 వేసుకుంటే మీకు 7 గంటల 37 నిమిషాలు అవుతుంది. ఒక పంక్చర్‌కు, పరుగులో కొంత నడకకు కూడా చోటు మిగిలింది. మీరు చెప్పిన వేగాలతో ఇది అందుబాటులో ఉన్న లక్ష్యమే. నెలకొకసారి ఇక్కడ మీ సాధన ఎలా సాగుతోందో రాయండి, ముఖ్యంగా ఆహారం గంటకు ఎన్ని గ్రాముల దాకా వచ్చిందో చెప్తే దాన్నిబట్టి మిగతాది సవరించుకుందాం.